ఆల్బం చేస్తానన్న తమ్ముడికి సంఘం ఏమివ్వాలి?

పాయకరావుపేట నుంచి ఒక సంఘ పెద్ద గారు ఈ మధ్య మాకు ఉత్తరం రాశారు. వారి సంఘంలో ఆదివారం ఆరాధనకు కీబోర్డు వాయించే తమ్ముడు ఎనిమిది పాటలతో ఒక ఆల్బం చేయాలనుకుంటున్నాడట. వెనుక ఏ కంపెనీ లేదు, ఏ పెద్ద మినిస్ట్రీ లేదు. పాటలకు సంగీతం తానే సమకూర్చుకుని, తానే రికార్డు చేయించుకుని, తానే విడుదల చేసుకోవాలి. అందుకు సంఘాన్ని సాయం అడిగాడు. కమిటీలో రెండు మాటలు వచ్చాయట. కొందరు, "కీబోర్డు ఉంది, కంప్యూటర్ ఉంది, పాటలు ప్రభువు ఇచ్చినవి. ఇక ఖర్చు దేనికి?" అన్నారు. ఇంకొందరు, "ఎంతో కొంత కానుక ఇచ్చేద్దాం, ఎలా చేసుకుంటాడో అతని ఇష్టం" అన్నారు. ఏది సరైనదని ఆ పెద్ద గారి ప్రశ్న.

రెండూ సరి కావని మా అభిప్రాయం. ఆల్బం పని లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ కమిటీ రెండు మాటలనూ వెనక్కి తీసుకుంటుందని మా నమ్మకం. ఇలాంటి ప్రశ్న చాలా సంఘాల్లో ఉంది కాబట్టి ఆ పెద్ద గారికి రాయాల్సిన జవాబును ఇక్కడే అందరి కోసం రాస్తున్నాము.

ముందు మాటల గందరగోళం తీర్చుకోవాలి. ఒక పాట వెనుక నాలుగు పనులు ఉంటాయి. మాటలు రాయడం, బాణీ కట్టడం, ఆ బాణీ చుట్టూ వాద్యాలను సమకూర్చడం, చివరికి అదంతా రికార్డుగా తయారు చేయడం. మూడోదాన్ని అరేంజ్‌మెంట్ అంటారు, నాలుగోదాన్ని ప్రొడక్షన్ అంటారు. ప్రొడ్యూసర్ అనగానే మనకు సినిమా నిర్మాత, అంటే డబ్బు పెట్టేవాడు గుర్తొస్తాడు. సంగీతంలో ఆ మాటకు అర్థం వేరు. ఏ వాద్యం ఉండాలి, ఎవరు వాయించాలి, ఏ టేకు ఉంచాలి, ఏది తీసేయాలి అని చివరి మాట చెప్పేవాడే ప్రొడ్యూసర్. చేతిలో పైసా లేకపోయినా అతడు ప్రొడ్యూసరే. మన పాటల వీడియోల కింద "సంగీతం" అని ఒకే ఒక పేరు వేస్తారు. బాణీ కట్టినవారా, వాద్యాలు సమకూర్చినవారా అన్నది ఆ ఒక్క మాటలో కలిసిపోతుంది.

తెలుగు క్రైస్తవ శ్రోతల్లో ప్రాణం కమలాకర్ గారి పేరు తెలియనివారు తక్కువ. 2003లో వచ్చిన 'ప్రాణం' సినిమాకు సంగీతం ఇచ్చిన ఆయన, తరువాత జాషువా షేక్ గారి వంటి రచయితల పాటలకు సంగీతం చేశారు. పల్లవి మొదలుకాక ముందే, మొదటి పది పదిహేను సెకన్లలోనే, "ఇది కమలాకర్ గారిది" అని చెప్పేవాళ్లను మేము చూశాము. అప్పటికి మాట ఒక్కటీ వినబడలేదు, బాణీ ఇంకా రాలేదు. వాళ్లు గుర్తుపట్టింది సమకూర్పును. ఆ పనికి ఉన్న బరువు అది.

ఇక పాయకరావుపేట సంగతి. ఆ ప్రాంతానికి పాట రెండు దారుల్లో వచ్చింది. లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లోనే విశాఖపట్నం చేరారు. తాండవ నది అవతలి ఒడ్డున ఉన్న తుని కెనడా బాప్టిస్టు మిషన్ తొలి కేంద్రాల్లో ఒకటి. వీరి వెంట పాశ్చాత్య కీర్తనల బాణీలు, వాటితోపాటు స్వరాలను ఒకదాని మీద ఒకటి పేర్చే హార్మొనీ పద్ధతి వచ్చాయి. ఇంకో దారి పురుషోత్తం చౌధురి గారిది (1803–1890). ఆయన కీర్తనలు రాగం, తాళం అన్న పునాది మీద నిలబడ్డాయి. ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం పేరు, తాళం పేరు కనబడతాయి. ఈ రోజు కీబోర్డు ముందు కూర్చున్న యువకుడు తెలిసినా తెలియకపోయినా ఈ రెండు దారులు కలిసే చోట కూర్చున్నాడు. అరేంజ్‌మెంట్‌లో వచ్చే కష్టమంతా అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాము. మోహన రాగంలో ఐదే స్వరాలు: స, రి, గ, ప, ద. మ లేదు, ని లేదు. ఆ రెండూ లేకపోవడమే ఆ రాగం అందం. అలాంటి బాణీని సి శృతిలో పెట్టి, అలవాటు ప్రకారం సి, ఎఫ్, జి కార్డులు వేశారనుకోండి. ఎఫ్ కార్డులో మ ఉంది, జి కార్డులో ని ఉంది. పాడేవారు మోహనంలోనే పాడుతున్నా, వెనుక కీబోర్డు వేరే రాగం వాయిస్తున్నట్టు అవుతుంది. విన్నవారికి కారణం తెలియదు, కానీ "పాత పాట మాధుర్యం పోయింది" అంటారు. తెలిసిన అరేంజర్ అక్కడ ఎఫ్ మానేసి ఎ మైనర్ వేస్తాడు, జి లోంచి ని తీసేసి రెండు స్వరాలే పట్టుకుంటాడు, లేదా కార్డులే వద్దని శృతి మాత్రం నిలుపుతాడు. ఒక్క కీర్తనకు ఇలాంటి నిర్ణయాలు ముప్పై నలభై ఉంటాయి. కీబోర్డు ఉన్నంత మాత్రాన ఇవి రావు. కంప్యూటర్ ఉన్నంత మాత్రాన అసలే రావు.

తాళం సంగతీ అంతే. కీబోర్డులో బటన్ నొక్కితే మోగే స్టైళ్లు ఎక్కువగా నాలుగు, మూడు, ఆరు లెక్కల్లో ఉంటాయి. మిశ్రచాపు ఏడు లెక్కలది, మూడు ప్లస్ నాలుగు. ఏడింటి పాటను ఎనిమిదింటిలోకి సాగదీస్తే ఎక్కడో ఒక అక్షరం అనవసరంగా పొడుగవుతుంది, లేదా మాట మధ్యలో విరుగుతుంది. దేవుని నామం రెండు ముక్కలై వినబడిన రికార్డులు మాకు తెలుసు. పాడేవారికి కూడా అది తెలియలేదు, ఎందుకంటే బీట్ బాగుంది! ప్యాడ్ వాయించే తమ్ముళ్లకు మా మనవి ఒక్కటే. పుస్తకంలో పాట పైన తాళం పేరు ఊరికే అచ్చు వేయలేదు, ఒకసారి దాన్ని చూడండి.

ఇప్పుడు సంఘానికి నేరుగా తగిలే విషయానికి వస్తాము: శృతి. ఆల్బంలో పాడేది శిక్షణ పొందిన గొంతు. తార స్థాయిలో పంచమం దాకా వెళ్లి అక్కడ నిలబడగలదు. అది వినడానికి గొప్పగా ఉంటుంది. ఆదివారం ఉదయం సంఘంలో పాడేది పగలంతా పొలంలోనో, పెంటకోట తీరంలో చేపల దగ్గరో పని చేసిన గొంతులు, పిల్లల గొంతులు, డెబ్బై ఏళ్ల గొంతులు. వారికి కింది స నుంచి పై రి వరకు, మించితే పై గ వరకు, హాయిగా ఉంటుంది. దాని పైన పాట వెళ్లిందంటే మగవారు ఆగిపోతారు, లేదా ఒక స్థాయి కిందికి దిగి గొణుగుతారు. చరణంలో సంఘం నోరు మూసుకుని తెర మీద మాటలు చూస్తూ నిలబడితే, ముందున్న నలుగురే పాడుతుంటే, "సంఘంలో ఉజ్జీవం తగ్గింది" అని కాపరులు బాధపడతారు. చాలాసార్లు తగ్గింది ఉజ్జీవం కాదు. పాట శృతి ఒకటిన్నర మెట్లు ఎక్కువ ఉంది, అంతే.

ఇంకో చిన్న సంగతి. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యాల భాగం ఒకసారి ఎనిమిది ఆవృత్తాలు, రెండోసారి పది, మూడోసారి ఆరు ఉంటే చెవులకు వైవిధ్యంగా ఉంటుంది. కానీ సంఘానికి ఎక్కడ అందుకోవాలో తెలియదు. మన మందిరాల్లో వాయించేవారు లేనిచోట ట్రాకు పెట్టి పాడుతున్నారు. ట్రాకు ఎవరి కోసమూ ఆగదు. ఒక్కసారి తప్పితే చరణం అంతా తప్పినట్టే.

ఇవన్నీ అరేంజ్‌మెంట్ బల్ల మీద తీసుకునే నిర్ణయాలు. రికార్డింగు అయిపోయాక సరిచేయడం దాదాపు కుదరదు. శృతిని కంప్యూటర్లో కిందికి దించవచ్చు గాని గొంతు, వేణువు, వయొలిన్ అసహజంగా మారిపోతాయి. అందుకే "అతని ఇష్టం" అన్న కమిటీ సభ్యులతో మేము ఏకీభవించము. మొదటి నెలలోనే, ఇంకా మార్చడానికి వీలున్నప్పుడే, సంఘం మాట్లాడాలి. ఏ పాట సంఘం పాడటానికి, ఏ పాట విని ధ్యానించడానికి అని ఆ తమ్ముడితో కూర్చుని విడదీయాలి. ఎనిమిదింటిలో నాలుగు వినే పాటలైతే తప్పేమీ లేదు. వాటిలో అతడు తన విద్య అంతా చూపించుకోవచ్చు. మిగతా నాలుగు మాత్రం సంఘం గొంతుకు కొలిచి కుట్టాలి.

రికార్డింగు దశ గురించి త్వరగా చెబుతాము. ముందు వేగం నిర్ణయించి క్లిక్ పెడతారు. దాని మీద ఒక పైలట్ గొంతు పాడతారు. తరువాత కీబోర్డు ప్రోగ్రామింగ్, తబలా, గిటారు, వేణువు ఒకదాని తరువాత ఒకటి ఎక్కుతాయి. అసలు గొంతు, కోరస్ చివరికి వస్తాయి. ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకోవడం తక్కువ పని అని ఎవరూ అనుకోనక్కరలేదు. ఎ.ఆర్. రెహమాన్ గారు చెన్నైలో తన ఇంటి ఆవరణలో స్టూడియో మొదలుపెట్టింది 1989లో, 'రోజా' వచ్చింది 1992లో. అయితే పాయకరావుపేటలో ఒక వైపు పదహారవ నంబరు జాతీయ రహదారి, ఇంకో వైపు హౌరా–చెన్నై రైలు మార్గం. లారీ హారన్, రైలు కూత, రేకుల మీద వాన మైకులోకి వచ్చేస్తాయి. గొంతు ఒక్కటైనా మంచి గదిలో రికార్డు చేయించుకోవాలి. దానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖపట్నం దాకా వెళ్లవలసి రావచ్చు. వేణువు, వయొలిన్ వాయించేవారు ఈ రోజుల్లో తమ ఊర్లోనే వాయించి ఫైలు పంపుతున్నారు కాబట్టి అందరినీ ఒకచోటికి తీసుకురావాల్సిన పని తప్పింది. వారి పారితోషికం మాత్రం తప్పలేదు.

ఆ తరువాత మిక్సింగ్, మాస్టరింగ్. పదులకొద్దీ ట్రాకులను ఒక పాటగా కలపడం మిక్సింగ్, ఎనిమిది పాటలూ ఒకే మట్టంలో వినబడేలా చివరి మెరుగు పెట్టడం మాస్టరింగ్. ఇక్కడ "మా పాట అందరికంటే గట్టిగా వినబడాలి" అనే ఆశ ఒకటి ఉంటుంది. స్పాటిఫై వంటివి పాటలన్నిటినీ దాదాపు ఒకే శబ్ద స్థాయికి, మైనస్ 14 లఫ్స్ అనే కొలతకు, తామే సర్దుకుంటాయి. గట్టిగా నొక్కి పంపిన పాటను అవి తగ్గిస్తాయి, నొక్కడం వల్ల పోయిన స్పష్టత మాత్రం తిరిగి రాదు. మిక్సింగ్ అయ్యాక ఆ పాటను ఒకసారి మందిరంలోని స్పీకర్లలో, ఒకసారి మామూలు ఫోనులో వినమని అడగండి. మన జనం వినేది ఆ రెండింటిలోనే. మాట అర్థం కాకపోతే వెనక్కి పంపండి. సువార్త పాటలో మాట వినబడకపోతే మిగిలేది ఏముంది?

"ఖర్చు దేనికి?" అన్నవారికి ఇప్పటికి జవాబు చాలావరకు దొరికి ఉంటుంది. కానీ వారి మాట వెనుక ఇంకో మాట ఉందని మాకు తెలుసు: "ఇది పరిచర్య కదా, డబ్బు అడగవచ్చా?" ఇది తేలికగా తీసేయాల్సిన ప్రశ్న కాదు. 1980లో అమెరికాలో కీత్ గ్రీన్ అనే గాయకుడు ఈ ప్రశ్నను చాలా గంభీరంగా తీసుకున్నాడు. పేరున్న కంపెనీని విడిచిపెట్టి, 'సో యూ వాన్నా గో బ్యాక్ టు ఈజిప్ట్' అనే ఆల్బంను స్వంతంగా తెచ్చాడు. ఎవరు ఎంత ఇవ్వగలిగితే అంతకే, ఏమీ ఇవ్వలేనివారికి ఊరికే పంపాడు. 1982 నాటికి రెండు లక్షలకు పైగా ప్రతులు వెళ్లాయి, అందులో 61,000 ఉచితంగా. ఈ కథను మన ప్రసంగాల్లో చెప్పేటప్పుడు ఒక ముక్క వదిలేస్తుంటారు. ఆ ఆల్బం చేయడానికి ఆయన తన ఇల్లు తాకట్టు పెట్టాడు. వినేవారికి ఉచితమైంది, చేసినవారికి కాలేదు. వాయించినవారికి, స్టూడియోకు, అచ్చుకు, తపాలాకు ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే. ఎవరు ఇస్తారన్నదే అసలు ప్రశ్న, ఉచితమా కాదా అన్నది తరువాతి సంగతి.

"యూట్యూబ్‌లో వస్తుంది కదా" అనేవారికి రెండు లెక్కలు. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే ఛానెల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి (లేదా షార్ట్స్‌కు తొంభై రోజుల్లో కోటి వీక్షణలు). స్పాటిఫైలో 2024 నుంచి, ఏడాదిలో 1,000 సార్లు వినని పాటకు పైసా రాదు. కొత్త గాయకుడి మొదటి ఆల్బంలో ఎన్ని పాటలు ఆ గీత దాటుతాయో మీరే ఆలోచించండి. పెద్ద మినిస్ట్రీలకు ఏటేటా కొత్త పాటల కోసం ఎదురుచూసే వేలమంది ఉన్నారు. పాయకరావుపేట తమ్ముడికి ఉన్నది అతని సంఘం.

నెహెమ్యా గ్రంథం పదమూడవ అధ్యాయం ఈ చర్చలో చదవవలసిన భాగం. నెహెమ్యా లేని సమయంలో లేవీయులకు, గాయకులకు రావలసిన భాగాలు అందలేదు. వారు పాట మానేసి ఎవరి పొలానికి వారు వెళ్లిపోయారు. తిరిగి వచ్చిన నెహెమ్యా గాయకులకు భక్తి తగ్గిందని మందలించలేదు. అధికారులను నిలదీశాడు, గాయకులను తిరిగి వారి స్థలాల్లో నిలబెట్టాడు. మన సంఘాల్లో బాగా వాయించిన పిల్లలు పెళ్లిళ్ల బ్యాండ్లకు, ఈవెంట్లకు వెళ్లిపోతే మనం ఎవరిని మందలిస్తున్నామో చూసుకోవాలి. దినవృత్తాంతముల మొదటి గ్రంథం ఇరవై ఐదవ అధ్యాయం పాటలో ప్రవీణులైన 288 మందిని లెక్కపెట్టి చెబుతుంది. ప్రవీణత నేర్పిస్తేనే వస్తుంది, పోషిస్తేనే నిలుస్తుంది.

చివరగా హక్కుల సంగతి. ఇక్కడ మంచి మనసున్న సంఘాలు కూడా చిక్కుల్లో పడుతున్నాయి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు ఉంటుంది. పురుషోత్తం చౌధురి గారి కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు, కొత్తగా సమకూర్చి రికార్డు చేసుకోవచ్చు. కానీ అదే కీర్తనను పోయిన ఏడాది ఒకరు రికార్డు చేస్తే, ఆ రికార్డు వారిది. దానిలోంచి ముక్క తీసుకుని మన వీడియో వెనుక పెట్టుకోకూడదు. బతికున్న రచయితల పాటలైతే, నిజమైన ఆరాధనలో పాడుకోవడానికి చట్టంలోని 52వ సెక్షన్ అడ్డు చెప్పదు. రికార్డు చేసి విడుదల చేయడం వేరు. దానికి అనుమతి కావాలి. బాణీని కొత్త వాద్యాలతో సమకూర్చడం కూడా చట్టం దృష్టిలో ఒక అనుసరణే, దానికీ హక్కుదారు ఒప్పుకోవాలి. ఫోనులో "చేసుకోండి బ్రదర్" అన్న మాట చాలదు. హక్కు బదిలీ అంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని అదే చట్టం చెబుతుంది. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం. ఇంటర్నెట్‌లో పాట దుబాయికీ వెళుతుంది, డాలస్‌కూ వెళుతుంది. కాబట్టి రాయించుకోండి.

సంఘానికీ ఆ తమ్ముడికీ మధ్య కూడా ఒక కాగితం ఉండాలి. చట్టంలో సౌండ్ రికార్డింగుకు ప్రొడ్యూసర్ అంటే దాన్ని తయారు చేయడానికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. మొదట్లో చెప్పిన గందరగోళం ఇక్కడ గొడవగా మారుతుంది. డబ్బిచ్చిన సంఘం తానే నిర్మాతననుకుంటుంది, పని చేసిన తమ్ముడు తానే అనుకుంటాడు. పాట నలుగురికీ నచ్చేదాకా ఎవరూ అడగరు. నచ్చాక అడుగుతారు, అప్పటికి మాటలు పెరుగుతాయి. మా సలహా: రికార్డు హక్కు తమ్ముడి పేరనే ఉంచండి. ఇచ్చిన సొమ్ముకు బదులుగా సంఘం పాడే నాలుగు పాటలకు గొంతు లేని ట్రాకులు, మగవారి శృతిలో ఒకటి, ఆడవారి శృతిలో ఒకటి, మీ ప్రాంతంలోని సంఘాలన్నీ ఉచితంగా వాడుకునే అనుమతితో తీసుకోండి. సొమ్ము ఒకేసారి ఇవ్వకండి. సమకూర్పు విన్నాక ఒక భాగం, గొంతులు అయ్యాక ఒక భాగం, మాస్టరింగ్ చేతికి వచ్చాక మిగతాది ఇవ్వండి. తబలా వాయించినవారికి, కోరస్ పాడిన అమ్మాయిలకు ఇచ్చినట్టు రసీదులు అడగండి, వారి పేర్లు వీడియో కింద వేయమని కూడా అడగండి.

క్రిస్మస్‌కు విడుదల అనుకుంటే ట్రాకులు నవంబరు మొదటి ఆదివారానికి సంఘం చేతిలో ఉండాలి, నేర్చుకోవడానికి నాలుగు వారాలైనా పడుతుంది. దానికి ముందు మిక్సింగ్, మాస్టరింగ్‌కు ఒక నెల, రికార్డింగుకు రెండు నెలలు, సమకూర్పుకు ఇంకో రెండు నెలలు వదలాలి. అంటే ఆ కమిటీ జూన్ మొదటికల్లా ఆ తమ్ముడిని పిలిచి, కీబోర్డుతో సహా కూర్చోబెట్టి, ఎనిమిది పాటలూ ఒకసారి సంఘం చేత పాడించి చూడాలి.